రెండింటికి వచ్చే గొంతు

మధ్యాహ్నం రెండింటికి చొక్కాల ఫ్యాక్టరీలో భోజనం గంట అయిపోయి మిషన్లు మళ్లీ మొదలయ్యేవి. సరిగ్గా అప్పుడే గుండీలక్కకి గొంతు వచ్చేది. పొద్దున్నించీ ఒక్క మాట లేకుండా తలొంచుకుని గుండీలు కుట్టిన మనిషి, ఒకసారి గుటక మింగి "అమ్మయ్య" అనేది. ఇక చూడండి.

"మూడో లైనులో కాలరు గుండీ వేలెడు పైకి కుడుతున్నారమ్మా. పొద్దున్నే చూశాను, చెప్పడానికి నోరేదీ? ఇప్పుడు చెప్తున్నా, విప్పండి. ఏమే, నీ జ్వరం తగ్గిందా? పొద్దున అడగలేకపోయాను. సూపర్‌వైజర్‌గారూ, పదకొండింటికి తమరు నన్ను అన్న మాట వినపడిందండీ. గొంతు లేదు గానీ చెవులు రెండూ నావే."

హాలంతా నవ్వేది. సూపర్‌వైజర్‌కి రెండు కావడానికి అయిదు నిమిషాల ముందు గోడౌన్లో ఏదో ఒక పని గుర్తొచ్చేది.

గుండీలక్కకీ ఆమె చెల్లెలికీ కలిపి ఒకటే గొంతు. పెద్దదానికి ఏడాదిన్నర ఉండగా చిన్నది పుట్టింది. చిన్నది పుట్టి కేరుమనగానే, అప్పటిదాకా వచ్చీరాని మాటలు చెబుతున్న పెద్దది ఠక్కున ఆగిపోయింది. చిన్నది పాలు తాగి నిద్రపోయాక మళ్లీ మాట్లాడింది. వాళ్లమ్మ రెండు రోజులు చూసి, "సరే, ఒకటే వచ్చినట్టుంది, సర్దుకోండి" అంది. ఇద్దరూ సర్దుకున్నారు. బళ్లో పద్యం అప్పజెప్పేటప్పుడు ముందు అక్క చెప్పి, తర్వాత చెల్లెలికి వదిలేది. పోట్లాటలో గొంతు ఉన్నది తిట్టేది, లేనిది కొరికేది.

ఆ వదలడానికి ఒక పద్ధతుంది. నోరు మూసుకుంటే చాలదు. చెప్పాలనుకున్నదేదీ లోపల మిగలకూడదు. ఒక్క మాట అడ్డం పడి ఉన్నా గొంతు కదలదు. నిద్రలో మనిషికి చెప్పాల్సినవేమీ ఉండవు కాబట్టి అప్పుడు తనంతట తనే మారిపోయేది.

పదకొండేళ్ల కిందట చెల్లెలికి ఒక దీవిలో, పెద్ద హోటల్లో, దుప్పట్లు ఉతికే చోట పని దొరికింది. సముద్రాలకి అవతల, ఏడాది పొడుగునా ఎండా వానా కలిసి ఉండే చోటు. అయిదు రకాల మనుషులు, అయిదు భాషలు, అందరికీ ఒకటే రేవు. బయల్దేరే ముందు అక్క అంది కదా: "పరాయి చోటుకి పోతున్నావు. మేలుకుని ఉన్నంతసేపూ గొంతు నువ్వే ఉంచుకో. నువ్వు పడుకున్నాక నాకొస్తుందిలే." అక్కడ రాత్రి పదంటే ఇక్కడ మధ్యాహ్నం రెండు. అలా కుదిరింది. రాత్రి తొమ్మిదింటికి ఇక్కడ అక్క పడుకోగానే, అక్కడ తెల్లవారేసరికి, గొంతు వెళ్లిపోయేది. ఆదివారాలు ఫోన్లో చెల్లెలు చెప్పేది, అక్క వినేది. "మా కోడలితో పొద్దున పూట గొడవలుండవమ్మా, ఉన్నవన్నీ సాయంత్రమే" అని అత్తగారు ఇరుగుపొరుగుతో చెప్పుకునేది.

గొంతు వట్టి చేతుల్తో వచ్చేది కాదు. అక్కడ మిషన్ల రొదలో అరిచిన రోజు బొంగురుగా వచ్చేది. జలుబు చేసిన రోజు ముక్కుతో వచ్చేది. ఎవరైనా టీ గ్లాసు అందిస్తే గుండీలక్క నోటి నుంచి తనకే తెలియని మాట ఒకటి జారేది. "అది థాంక్సే అయ్యుంటుంది" అనేవాళ్లు పక్కనున్నవాళ్లు. చెల్లెలు అక్కడే ఒక పడవల మెకానిక్కుని, వాళ్ల భాష వేరే, మన భాష వేరే, పెళ్లి చేసుకున్నప్పుడు మూడు రోజులపాటు గొంతు నవ్వుతూనే వచ్చింది. సూపర్‌వైజర్‌ని తిడుతూ కూడా నవ్వింది పాపం.

ఒక సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకి గుండీలక్క వేలికి సూది గుచ్చుకుంది.

"అబ్బా!" అంది.

పక్క మిషను ఆగింది. దాని పక్కది ఆగింది. ఒక్కో వరసగా హాలంతా ఆగిపోయింది. అక్కడ సాయంత్రం అయిదున్నర. పడుకునే వేళ కాదు.

"అక్కా, ఇంకోసారి మాట్లాడు" అంది పక్కన కూర్చునే అమ్మాయి మెల్లిగా.

"దానికేదో అయింది" అంది గుండీలక్క. మాట స్పష్టంగా, నిండుగా వచ్చింది. ఇన్నేళ్లలో పొద్దుటి పూట తన గొంతు తనకి వినపడటం అదే మొదలు.

సాయంత్రం దీవి నుంచి ఫోను వచ్చింది. మరిదికి వచ్చిన తెలుగంతా పెళ్లాం దగ్గర నేర్చుకున్నదే.

"అక్కా. నేను. ఆమె పడింది. మెట్లు తడి. తల కొట్టింది. ఆస్పత్రి. నిద్ర. లేపాను, లేపాను, లేదు."

"వదినా అనాలయ్యా, అక్క కాదు" అంది వెనకనుంచి అత్తగారు, అలవాటు కొద్దీ. అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేనొస్తున్నా" అంది గుండీలక్క. "విన్నావా? నేను బయల్దేరుతున్నానని దాని చెవిలో చెప్పు."

ఆ ఇంట్లో నీళ్లు దాటి వెళ్లినవాళ్లు ఎవరూ లేరు. భర్త వైర్‌మన్. ఊళ్లో ఎక్కడ ఫ్యూజు పోయినా వెళ్తాడు గానీ ఊరు దాటి ఎరగడు. అయినా ఆ మర్నాడే దీవి గురించి ఒక చిన్న పుస్తకం, ఎనిమిది పేజీల ఫారం తెచ్చి బల్ల మీద పెట్టాడు. రోజూ మధ్యాహ్నం వాన పడుతుంది, గొడుగు తప్పనిసరి అని రాసి ఉంది. పల్చటి బట్టలు తెచ్చుకోవాలట. రేవు నుంచి ఆస్పత్రి మీదుగా బస్సు ఉందట. అయిదు భాషల్లో పలకరింపులు ఒక పేజీలో ఇచ్చారు. గుండీలక్క కూడబలుక్కుంటూ మొదటిది చదవబోయింది. కూడబలుక్కోవాల్సిన పని లేకపోయింది. అయిదూ గొంతులోంచి జారుకుంటూ వచ్చేశాయి, రోజూ అనుకునే మాటల్లాగా. పుస్తకం మూసి, చాలాసేపు అట్ట మీది కొబ్బరిచెట్ల బొమ్మ చూస్తూ కూర్చుంది.

ఫ్యాక్టరీలో ఆడవాళ్లు ఒకళ్లు గొడుగు ఇచ్చారు, ఒకళ్లు గాలాడే చెప్పులిచ్చారు. సూపర్‌వైజర్ సెలవు కాయితం మీద మారుమాట లేకుండా సంతకం పెట్టి, తన చక్రాల పెట్టె తెచ్చాడు.

"జిప్పు కొంచెం మొరాయిస్తుందండీ."

"నేను లేనప్పుడు హాయిగా ఉంటుందేమో మీకు" అంది గుండీలక్క.

"రెండింటికి ఎక్కడికి పోవాలో తోచదు" అన్నాడాయన. ఎవరూ నవ్వలేదు.

అనుమతి పత్రాల ఆఫీసులో గుమస్తా క్యాలెండరు తిరగేశాడు. "ముఖాముఖి వచ్చే వారం. శుక్రవారం, పది గంటలకి."

"అంతదాకా అది ఉండాలి కదా బాబూ."

"అంతకు ముందు ఖాళీ లేదమ్మా. ప్రశ్నలకి మీ నోటితో మీరే జవాబులు చెప్పాలి. గొంతు రికార్డు చేస్తారు. పక్కవాళ్లు చెప్పకూడదు, రాసి ఇవ్వకూడదు."

"మాట రానివాళ్లయితే?"

"వాళ్ల కౌంటరు మంగళవారం. డాక్టరు కాయితం ఉండాలి. ఆ కాయితానికి మూడు నెలలు పడుతుంది."

"నాది సగం గొంతు నాయనా."

గుమస్తా కళ్లజోడు పైకి తోసుకుని జాలిగా చూశాడు. "సగం గొంతుకి ఫారం లేదమ్మా. ఆ రోజు ఎంతుంటే అంత పట్టుకుని రండి."

ఆ శుక్రవారం దాకా ఆమె నోరు మూతపడలేదు. అక్కాచెల్లెళ్లమని రుజువు తెమ్మంటే పాత బడి చుట్టూ తిరిగి, రిజిస్టరు దొరకదన్న పెద్ద మేష్టార్ని బతిమాలి, బెదిరించి, ఏడ్చి, దొరికించింది. ఫోటోలో చెవులు కనపడట్లేదని వెనక్కిస్తే మళ్లీ తీయించింది. ఆస్పత్రి ఉత్తరం అనువాదం చేయించింది. దారిలో ఎవరు కనపడినా దీవి సంగతే. ప్రశ్నలు ఇరవై రెండు వస్తాయని ఎవరో చెప్పారు. అన్నిటికీ జవాబులు బట్టీ పట్టింది. ఎందుకు వెళ్తున్నారు? మా చెల్లెల్ని చూడాలి. ఎన్నాళ్లుంటారు? నెల రోజులు. ఎవరింట్లో? మా మరిది ఇంట్లో, రేవు పక్క సందు, నీలం తలుపు. గిన్నెలు తోముతూ చెప్పుకునేది, బస్సులో చెప్పుకునేది.

చెల్లెలు పడిన ఆరో రోజున మరిది ఫోను చేశాడు. "అక్కా! కళ్లు! కళ్లు తెరిచింది!"

గుండీలక్క అడిగింది: "మాట్లాడిందా?"

"లేదు. చూస్తుంది. నన్ను చూస్తుంది, ఏడుస్తుంది. నోరు తెరుస్తుంది. గాలి. గాలి ఒకటే."

వార్డులో నర్సులు అయిదు భాషలవాళ్లట. ఈవిడకి ఏ భాష పోయి ఏ భాష మిగిలిందోనని వంతులవారీగా వచ్చి తమ తమ భాషల్లో పలకరిస్తున్నారట. పక్క మంచం ముసలావిడ తన భాషలో పాడి చూసిందట. మరిది తన వచ్చీరాని తెలుగంతా ఖర్చు పెట్టాడు. అన్నిటికీ చిన్నది నోరు తెరిచి, మూస్తోంది.

"పెద్ద డాక్టరు వస్తాడు. ఓడలో. నెలకి ఒకసారి. శుక్రవారం, సాయంత్రం ఆరు. మాట వస్తే మంచిది. మాట లేకపోతే లోపల రక్తం గడ్డ అంటారు. వెంటనే తల తెరుస్తారు. పదిమందిలో నలుగురు..." అతనికి మాట దొరకలేదు.

"లేవరు" అంది గుండీలక్క.

"అవును. ఆ మాట."

శుక్రవారం అక్కడ సాయంత్రం ఆరంటే, ఇక్కడ పొద్దున పది.

గొంతు చెల్లెలి దగ్గరికి ఎందుకు పోవడం లేదో గుండీలక్క ఆలోచించకపోలేదు. తను రాత్రి నిద్రపోతోంది, అక్కడ పగలవుతోంది. పోవాలి కదా? పొద్దున్నే లేచి నోరు తెరిస్తే ఇక్కడే ఉంటోంది. అంటే, అందుకునే శక్తి దానికి లేదన్నమాట. తల లోపల నిజంగానే చెడిపోయిందన్నమాట. ఆ మాట ఎవరితోనూ అనలేదు. అనకుండా ఉండటానికి మిగతావన్నీ మాట్లాడింది.

శుక్రవారం పొద్దున్నే అత్తగారు టీ గ్లాసు చేతికిస్తూ అంది: "ఇవాళ్టితో ఆ జవాబుల గోల అయిపోతుందే అమ్మాయ్. నాకూ కాస్త కునుకు పడుతుంది."

"ఏ జవాబులు?"

"అదేనే, ఎన్నాళ్లుంటారు, ఎవరింట్లో ఉంటారు. పడుకున్నదగ్గర్నించీ లేచేదాకా వల్లిస్తూనే ఉంటావు కదా. ఇన్ని రాత్రులూ. నీలం తలుపు, నీలం తలుపు అని. నాకే నోటికొచ్చేసింది. నన్ను పంపినా చెప్పేస్తాను."

గుండీలక్క గ్లాసు బల్ల మీద పెట్టేసింది. "నిద్రలోనా?"

"నిద్రలోనే. అలిసిపోయావు కదా అని లేపలేదు." అత్తగారు కోడలి మొహం చూసింది. "ఓరి దేవుడా."

"అయితే నేను వదల్లేదు అత్తయ్యా" అంది గుండీలక్క. "దానికి బుర్ర పోలేదు. అది అడుగుతోంది. నోరు తెరిచి అడుగుతోంది. నేనే ఇవ్వట్లేదు."

పదకొండేళ్లుగా గొంతు వేళకి వస్తూ వేళకి పోతూ ఉంటే, ఇస్తేనే పోతుందన్న సంగతి ఆమె మరిచిపోయింది. చెల్లెలి కోసం తిరిగిన తిరుగుడే చెల్లెలి నోరు నొక్కేసింది.

వైర్‌మన్ గోడ గడియారం చూశాడు. ఎనిమిదీ నలభై. "ఇప్పుడే వదిలేస్తావా?"

"వదిలేస్తే అక్కడ జవాబు ఎవరు చెప్తారండీ? పదకొండేళ్లయింది దాని మొహం చూసి."

"అయితే ఇలా చేద్దాం. తొందరగా పిలిచారనుకో, చెప్పాల్సింది చెప్పేసి వెంటనే వదులు. అక్కడ పదహారు మంచాలంటున్నారు కదా. డాక్టరు వరసగా చూసుకుంటూ వస్తాడు. మరదలిది ఆరో మంచం. మనకి టైముంది."

నమ్మాలనిపించింది. నమ్మింది.

ఆఫీసులో పద్నాలుగో నంబరు వచ్చింది. లోపలికి దరఖాస్తు పెట్టినవాళ్లని తప్ప రానివ్వలేదు. వైర్‌మన్ బయట, గాజు గోడకి అవతల, ఫోను చెవికి ఆనించుకుని నిలబడ్డాడు. పది అయింది. లోపల తొమ్మిదో నంబరు నడుస్తోంది. ఒకాయనకి తను పుట్టిన తేదీ గుర్తురాక వేళ్లు లెక్కపెట్టుకుంటున్నాడు. గుండీలక్క లేచి కౌంటరు దగ్గరికి వెళ్లి, "కొంచెం ముందు పిలవండమ్మా, అక్కడ మనిషి ప్రాణం" అంది. "ఇక్కడికొచ్చిన ప్రతివాళ్లకీ ప్రాణమేనమ్మా" అంది అక్కడి అమ్మాయి. కటువుగా అనలేదు, ఉన్నమాట అంది.

పదో నంబరు. గాజు వెనక వైర్‌మన్ ఒక వేలు చూపించాడు. డాక్టరు మొదటి మంచం దగ్గరున్నాడు.

పన్నెండు. మూడు వేళ్లు.

పదమూడో నంబరు మనిషి రాలేదు. "పద్నాలుగు" అన్నారు. వైర్‌మన్ చెయ్యి మొత్తం తెరిచి గాజుకి ఆనించాడు. అయిదు.

బల్లకి అవతల నడివయసు ఆవిడ. రికార్డరు మీట నొక్కి, ఫారం ముందుకు జరుపుకుని, "మీ పేరు చెప్పండి" అంది.

చెప్పాలి. ఇరవై రెండు జవాబులు నాలుక చివర వరసలో నిలబడి ఉన్నాయి. నాలుగు నిమిషాల పని. కానీ గాజు వెనక వైర్‌మన్ రెండో చెయ్యి కూడా పైకెత్తాడు. ఆ చేతికి ఒక్క వేలు.

గుండీలక్క నోరు మూసుకుంది. గొంతు కదల్లేదు. ఎలా కదులుతుంది? జవాబులున్నాయి కదా. ఆమె వాటిని ఒక్కొక్కటే కింద పెట్టడం మొదలుపెట్టింది. ఎన్నాళ్లుంటారు? ఉండను. ఎవరింట్లో? ఎవరింట్లోనూ కాదు. నీలం తలుపు నేను తట్టను. ఆ బస్సు ఎక్కను. ఆ వానలో తడవను. ఒక్కోటి పెడుతుంటే కడుపులో ఒక్కో చోట ఖాళీ అవుతోంది.

"భయపడకండమ్మా" అంది బల్ల అవతలి ఆవిడ. "ఎందుకు వెళ్తున్నారు? ఈ ఒక్కటీ చెప్పండి, మిగతావి మెల్లిగా చూద్దాం."

ఆ ఒక్కటే మిగిలింది. మా చెల్లెల్ని చూడాలి. అది అడ్డం పడి ఉంది. మింగితే దిగదు, తోస్తే పోదు. పదకొండేళ్లుగా రోజూ మధ్యాహ్నం గొంతులో వినడమే గానీ దాని మొహంలో ఏం మారిందో తెలియదు. జుట్టు నెరిసిందో, లావయిందో తెలియదు.

"రూలు ప్రకారం మూడుసార్లు అడగాలి. రెండుసార్లు అడిగాను, ఇది మూడోసారి. ఎందుకు వెళ్తున్నారు?"

గుండీలక్క చెయ్యి చాపి, బల్ల మీది తన ఫారాన్ని తీసుకుంది. బోర్లా తిప్పి, మళ్లీ అక్కడే పెట్టింది. వెనకవైపు ఏమీ లేని తెల్ల కాయితం. దాన్ని అరచేత్తో ఒకసారి చదును చేసింది. 'వద్దు. చూడనక్కర్లేదు. అది ఉంటే చాలు' అనుకుంది. అనుకున్నాక, ఇక లోపల ఏమీ లేదు.

గొంతు వెళ్లిపోయింది.

బల్ల అవతలి ఆవిడ కలం ఎత్తి పట్టుకుంది. "జవాబు లేదని రాస్తే మళ్లీ ఏడాది దాకా దరఖాస్తు పెట్టుకోవడానికి ఉండదు. ఒక్క మాట అనండమ్మా. ఏదో ఒక మాట. నేను ఆగుతాను."

గుండీలక్క తల అడ్డంగా ఊపి, చేతులు జోడించింది. ఆవిడ ముద్ర వేసింది.

బయటికి వచ్చేసరికి వైర్‌మన్ ఫోను ఆమె చెవి దగ్గర పెట్టాడు. అవతల గోలగోలగా ఉంది. ఎవరో నర్సు పకపకా నవ్వుతోంది, ఎవరో ముక్కు చీదుతున్నారు. ఆ గోల మధ్యలో నీరసంగా, చిరాగ్గా, తెలియని భాషలో ఒక ఆడగొంతు ఎవరినో కసురుతోంది. వెంటనే ఇంకో భాషలో ఇంకెవరికో జవాబు చెప్పింది. ఆ తర్వాత ఫోను చేతులు మారిన చప్పుడు.

"అక్కా, ఉన్నావా? ఇన్ని రోజులు మొత్తుకున్నానే, వినపడదా నీకు? నా జుట్టంతా ఎవడు గొరిగాడే? ఇదిగో, ఏడవకు. ఏడిస్తే ఏదో ఒకటి చెప్పాలనిపిస్తుంది నీకు. ఈ డాక్టరు ఇంకా నాలుగు ప్రశ్నలడుగుతాడట. అవి అయ్యేదాకా ఏమీ అనుకోకు. ఏమీ! నీ పుణ్యం ఉంటుంది."

గుండీలక్క రోడ్డు పక్కన, ఆఫీసు ప్రహరీ నీడలో నిలబడిపోయింది. పక్కనుంచి బస్సు పోతోంది. వైర్‌మన్ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. ఎదర గోడ మీద ఇటుకలు కనిపిస్తుంటే వాటినే చూసింది. వరస తర్వాత వరస, ఇటుక పక్కన ఇటుక. సంతోషం గొంతు దాకా వచ్చి మాట అవబోయింది. దాన్ని కూడా మాట కానివ్వలేదు. ఫోనులో మగమనిషి ఎవరో నింపాదిగా అడిగాడు. చిన్నది చెప్పింది. అడిగాడు, చెప్పింది. అడిగాడు, చెప్పింది. నాలుగోదానికి కాస్త ఆలస్యమైంది. గుండీలక్క కళ్లు మూసుకుంది. ఇటుకలు కూడా లేకుండా చేసుకుంది.

చెప్పింది.

తర్వాత బూట్ల చప్పుడు, మెల్లిగా దూరమై, ఏడో మంచం దగ్గర ఆగింది.